గుట్ట అవతల దాచిన మంద

నా చిన్నప్పుడు అని నేను మాట మొదలుపెడితే మా అవ్వ పక్కున నవ్వుతుంది. "నీ చిన్నతనం ఇంక ఒడువనే లేదు, గప్పుడే కథలు చెప్తున్నవా?" అంటుంది. నిజమే, నాకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. కానీ మా ఇంట్లోనూ మా చిన్నాయనల ఇళ్లలోనూ పుట్టిన పిల్లలందరికీ నేనే పెద్దదాన్ని. సాయంత్రం మా అరుగు మీద చదువుకోవడానికి వచ్చే వాడకట్టు పిల్లలు కూడా నన్ను పెద్దక్క అనే పిలుస్తారు. ఆ పెద్దరికంతోనే ఈ సంగతి రాస్తున్నాను. జరిగింది నేను అయిదో తరగతి పూర్తి చేసిన ఎండాకాలంలో. సర్కారు మా దిక్కు ఊళ్లలో గొర్లు పంచిన మరుసటి ఏడు అది.

మాది మర్రిగూడ దిక్కు ఊరు. వాన పడితే పత్తి, కంది. పడకపోతే ఏమీ లేదు. మా ఇంటికి మాత్రం వాన ఉన్నా లేకపోయినా గొర్లు ఉండేవి. పొద్దున నాయిన మందను తోలుకొని గుట్ట దిక్కు పోయేవాడు. పాలు తాగే పిల్లలు నడవలేవు కాబట్టి వాటిని ఇంటి పక్కన కంప దొడ్లోనే ఉంచేవాళ్లం. ఎండాకాలం మధ్యాహ్నం మంద ఒకసారి ఇంటికి వచ్చి, తొట్టిలో నీళ్లు తాగి, పిల్లలకు పాలిచ్చి, వేపచెట్ల నీడన పడుకొని, ఎండ తగ్గాక మళ్లీ పోయేది.

ఆ మందలో ఎన్ని గొర్లున్నాయో మా ఇంట్లో ఎవరూ నోటితో అనరు. లెక్కపెడితే మంద తరుగుతుందని మా పెద్దల నమ్మకం. చాలా దేశాల్లో గొర్లకాపరులకు ఈ పట్టింపు ఉందని తర్వాత గ్రంథాలయంలో ఒక పుస్తకంలో చదివి, ఎగురుకుంటూ వచ్చి అవ్వకు చెప్పాను. అవ్వకు ఏ ఆశ్చర్యమూ కలగలేదు. "వాళ్లవీ గొర్లే గద" అన్నది.

అవ్వ పద్ధతి వేరు. పొద్దుగూకేటప్పుడు దొడ్డి కంప పక్కకు జరిపి, ఆ సందులో కట్టె పట్టుకొని నిలబడేది. లోపలికి పోయే ప్రతి గొర్రె వీపు మీదా చెయ్యి వేసేది. బొల్లిది, మొండిచెవిది, నల్లమూతిది అని పెదవుల్లోనే అనుకునేది. ఒకటి తక్కువైతే ఎన్ని తక్కువయ్యాయో చెప్పదు, ఏది రాలేదో చెబుతుంది.

ఆ ఏడు నేను ఆరో తరగతికి పోవాలి. మా ఊరి బడి అయిదుతో అయిపోతుంది. పక్క ఊళ్లో సర్కారు హైస్కూలు ఉంది. మండలంలో ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడి ఉంది. దాని పసుపుపచ్చ బస్సు పొద్దున్నే మా ఊరి ముందరి కమాను దగ్గర ఆగి హారన్ కొట్టేది. ఆ బడి ఫీజు మాలాంటి వాళ్లం అడిగి తెలుసుకోవడమే దండగ. అయితే పట్నంలో ఉన్న ఒక ట్రస్టు, ఇంటి ఆదాయం ఒక హద్దు లోపల ఉన్న వాళ్ల పిల్లలకు పరీక్ష పెట్టి, గెలిచిన వాళ్ల ఫీజు తానే కట్టేది. మా పక్కింటి మేస్త్రీ కాక బిడ్డకు, అంటే నాకు అక్క వరస, రెండేళ్ల ముందు అట్లాగే సీటు వచ్చింది. నేనూ పరీక్ష రాసి గెలిచాను. ఇక మిగిలింది ట్రస్టు మనిషి ఇంటికి వచ్చి చూసి పోవడమే.

ఆ బడి నాకు ఎందుకు కావాలో దాచకుండా చెబుతాను. పరీక్ష రాయడానికి పోయిన రోజు అక్కడ ఆఫీసు గదిలో అద్దాల బీరువా చూశాను. అందులో నిండా పుస్తకాలు. అప్పటిదాకా నాకు దొరికిన చదువు, బడి పుస్తకాలు పోగా, దుకాణంలో మిర్చీబజ్జీలు కట్టి ఇచ్చిన కాగితాలే. ఒక కాగితంలో కథ సగంలో ఆగిపోతే మిగతా సగం కోసం మళ్లీ బజ్జీలు కొనిపించుకున్నదాన్ని. అలాంటి నాకు ఆ బీరువా ముందు కాళ్లు కదల్లేదు.

నాయినకు ఇంకో కారణం. ఆయనకు అక్షరం ముక్క రాదు. బస్టాండులో బస్సు బోర్డు చదవమని పక్కవాళ్లను అడిగి, వాళ్లు చూసిన చూపుకు తల దించుకొని వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. "నా బిడ్డ ఇంగ్లీషుల బోర్డు చదవాలె" అనేవాడు. అంతకంటే పెద్ద కోరిక ఆయన నోట నేను వినలేదు.

ఊళ్లో మాత్రం ఎవరికీ ఆ ట్రస్టు మీద నమ్మకం లేదు. ఊరికే ఫీజు కడతారంటే ఎందుకు కడతారు? పేరు రాయించుకుంటే తెల్లకార్డు పోతుందని ఒకరు, అవ్వ పింఛను కోస్తారని ఒకరు, పిల్ల ఫొటోలు ఎక్కడెక్కడికో పంపి చందాలు వసూలు చేసుకుంటారని ఇంకొకరు. బాయికాడ ఒక ముసలాయన, "కిడ్నీలు జర జాగ్రత్త రా" అని నాయినతో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ మా అమ్మ ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు.

ఈ అనుమానం ఊరికే పుట్టింది కాదని ఇప్పుడు నాకు తెలుసు. మా ఊరి బోరు నీళ్లు ఎముకలను వంచే ఫ్లోరైడు నీళ్లు. అవ్వ మోకాళ్లు విల్లులాగా బయటికి వంగి ఉంటాయి. ఆమె ఈడు వాళ్లలో చాలామంది కాళ్లు అంతే. ఎన్నో ఏళ్లు ఎవరెవరో జీపుల్లో వచ్చి సీసాల్లో మా నీళ్లు పట్టుకొని పోయారు. అవ్వను గోడకు నిలబెట్టి, చీర మోకాళ్ల దాకా ఎత్తమని ఫొటోలు తీసుకొని పోయారు. మంచి నీళ్లు వచ్చేసరికి అవ్వ కాళ్లు వంగడం పూర్తయింది. "నా కాళ్లు ఎన్ని ఊర్లు తిరిగినయో, నేను మాత్రం మర్రిగూడ దాటలే" అని ఆమె ఇప్పటికీ అంటుంది. అలాంటి మనిషి ముందు నిలబడి, పట్నం నుంచి మంచివాళ్లు వస్తున్నారని చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి.

మేస్త్రీ కాక అనుభవం ఉన్న మనిషి. వాళ్లది ప్రభువును నమ్ముకున్న కుటుంబం. తాతల నాడు సెంటు భూమి లేక ఇంకొకరి చెలకల్లో బతికినవాళ్లు. కాక చేతిలో పని ఉంది. మా ఊళ్లో సగం ఇళ్లకు స్లాబు పోసింది ఆయనే. ఆయన ఇంటికి మాత్రం రేకులే. ఒకనాడు మా అరుగు మీద కూర్చొని ఆ రహస్యం నాయినకు విప్పాడు.

"అన్నా, వాళ్లు మంచోళ్లే. కాని ఏటేటా వచ్చి చూస్తరు. ఇంట్ల ఏం పెరిగింది, ఏం తరిగింది అని. స్లాబు కనపడిందా, ఇగ అయిపాయె. అందుకే నేను రేకులు మారుస్తలేను. నీకు గొర్లు కనపడొద్దు."

"గొర్లు గంపల కింద పెట్టి దాసే కోళ్లారా?" అన్నది అవ్వ మూలనుంచి.

"గుట్ట అవతలికి తోలుండ్రి పెద్దమ్మా. ఒక్క పూటనే గద. సారు మధ్యాహ్నం వస్తడు, చాయ్ తాగుతడు, పోతడు."

"పిల్లలో?"

"పాల పిల్లల్ని ఎవ్వలు లెక్కల తీసుకుంటరు? మీ బిడ్డ ఆడుకోనీకి పెంచుకున్నదంటే సరి."

అవ్వ తమలపాకు ఈనె గిల్లుతూ కాక మొహం వైపు, నాయిన మొహం వైపు మార్చి మార్చి చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. నా బీరువాకు అడ్డం వచ్చేది ఈమేనని నాకు అప్పుడే అనుమానం పుట్టింది.

ఆ రోజు పొద్దున్నుంచి మా ఇల్లు పెళ్లివారి ఇల్లులాగా ఉంది. మా చిన్నాయన మందను తోలుకొని గుట్ట అవతలికి పోయాడు. ఫోను చేసేదాకా రావద్దని నాయిన ఒకటికి రెండుసార్లు చెప్పాడు. గొంగళ్లు, ఉన్ని కత్తెర్లు మేస్త్రీ కాక ఇంట్లోకి పోయాయి. అమ్మ వాకిలి ఊడ్చి, పేడనీళ్లు చల్లి, మళ్లీ ఊడ్చింది. ఎంత ఊడ్చినా ఆ వాసన ఉండనే ఉంది. చివరికి దేవుని మూలనుంచి ఊదుబత్తులు తెచ్చి దొడ్డి కంపకు గుచ్చింది. అది చూసి అవ్వకు నవ్వు ఆగలేదు. "గొర్లకు హారతి ఇస్తున్నవా కోడలా? మంచిదే, పుణ్యం" అన్నది.

మధ్యాహ్నం అయింది. సారు రాలేదు. మంద కూడా రాలేదు కాబట్టి దొడ్లో పిల్లలు తల్లుల కోసం కంప దగ్గరికి వచ్చి అరవడం మొదలుపెట్టాయి. నేను వేపాకు వేశాను, సుబాబుల్ రొట్ట వేశాను. వాటికి పాలు కావాలి గానీ ఆకు ఎందుకు? మూడు దాటింది, నాలుగు దాటింది. వేరే ఊళ్లో ఇళ్లు చూసి వచ్చేసరికి ఆలస్యమవుతున్నదని కాకకు ఫోను వచ్చింది. నాయిన చిన్నాయనకు ఫోను కలిపాడు. గుట్ట అవతల సిగ్నల్ లేదు.

"పొద్దుగూకితే అవి ఆగుతయారా?" అని అడిగింది అవ్వ.

"అందాక సారు పోతడు తియ్యే" అన్నాడు నాయిన. గొర్ల మధ్యనే పుట్టి పెరిగిన మనిషి అట్లా అన్నాడంటే, ఆ రోజు ఆయన మనసు గొర్ల మీద లేదన్నమాట.

సారు వచ్చేసరికి ఎండ ఎర్రబడింది. చిన్న వయసే. మెడలో కార్డు, చేతిలో పెద్ద ఫోను. మాది కట్టంగూరు పక్కనే అని ఆయన చెప్పగానే నాయిన కొంచెం ఊపిరి తీసుకున్నాడు. మన దిక్కు మనిషే. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాం. ఆయన ఇంటి గోడలు చూశాడు, పైకప్పు చూశాడు. పేపరు ఇచ్చి నన్ను చదవమన్నాడు. నేను తడబడకుండా చదివాను. ఎంత బాగా చదివానంటే, చదవమన్న దాని కింద ఉన్న వరి విత్తనాల ప్రకటన కూడా చదివేశాను. ఆయన నవ్వి, "ఈ అమ్మాయికి సీటు ఇయ్యకపోతే ఎవరికిస్తం?" అన్నాడు. నాయిన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీరు ఏం పని చేస్తరు?"

"కూలికి పోతం సారు. దొరికిన నాడు పని, లేని నాడు లేదు."

"ఆ అరుస్తున్నవి?"

"పిల్లలు సారు. గొర్రె పిల్లలు. పొల్ల ఆడుకోనీకి."

ఆయన ఏదో అడగబోయి ఆగాడు. దొడ్లో పిల్లల అరుపు ఒక్కసారిగా మారింది. అంతవరకూ ఏడుపులాగా ఉన్నది, పిలుపులాగా అయింది. గుట్ట దిక్కు చూస్తే ధూళి. ఆ ధూళిలోంచి జవాబుగా తల్లుల అరుపులు. పొద్దున పాలిచ్చిన తల్లులు, మధ్యాహ్నం ఇవ్వని తల్లులు, పొదుగులు బిగిసి నొప్పెడుతుంటే ఇక మా చిన్నాయన మాట వింటాయా? మొండిచెవిది ముందు, తక్కినవి వెనక. సర్కారు ఇచ్చిన గొర్లు, చెవులకు పసుపు బిళ్లలున్నవి, అవి కూడా పాతవాటి వెంట పడి ఉరికి వస్తున్నాయి. క్షణంలో వాకిలి నిండిపోయింది. సారు కుర్చీలోనే కాళ్లు పైకెత్తుకొని, చాయ్ గ్లాసు గుండెకు ఆనించుకొని, వరదలో చిక్కినవాడిలాగా కూర్చున్నాడు. ఊదుబత్తులు గుచ్చిన కంప కింద పడిపోయింది.

అన్నిటి వెనకా ధూళిలోంచి మా చిన్నాయన కేక వినిపించింది. "అన్నా! సారు పోయిండా? ఇవి ఆగుతలేవు, నా తోని అయితలేదు!"

ప్రతి తల్లీ తన పిల్లను వాసన చూసి పట్టుకున్నది. ప్రతి పిల్లా మోకాళ్ల మీద వంగి పొదుగు అందుకున్నది. అంత గోలా ఒక్కసారిగా ఆగిపోయింది. పాలు తాగే చప్పుడు తప్ప వాకిట్లో ఇంకేమీ లేదు. ఆ నిశ్శబ్దంలో మా నాయిన తల దించుకొని నిలబడిన తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంటుంది. బస్టాండు నుంచి వచ్చిన రోజుల్లో ఎట్లా ఉండేవాడో అట్లాగే ఉన్నాడు.

"ఇవి ఎవరివి?" అని సారు మెల్లగా అడిగాడు.

"మావే" అన్నది అవ్వ. కట్టె ఆనించుకుంటూ వచ్చి ఆయన ముందు అరుగు మీద కూర్చున్నది. "వేరేటోళ్లవైతే మా దొడ్లకు ఎందుకొస్తయి కొడుకా?"

"ఎన్నుంటయి అవ్వా?"

"మేం లెక్కవెట్టం. అరిష్టం. నీకు కావాలంటే నువ్వు పెట్టుకో, దోషం నీకే తాకుతది."

ఆయన వేలు చూపిస్తూ నిజంగానే మొదలుపెట్టాడు. గొర్లు ఒక చోట నిలబడవు కదా. కాసేపటికి వేలు దించి తనే నవ్వాడు. ఫోను జేబులో పెట్టుకొని, నాయిన దిక్కు తిరిగి చాలా మెత్తగా అన్నాడు. "అన్నా, నేను పగటీలి రావాల్సింది. వస్తే ఇవి నాకు కనపడకపోయేవి. నేను పగటీలే వచ్చిపోయిన అనుకుంట. ఫికర్ చెయ్యకు."

నాయిన రెండు చేతులూ జోడించాడు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకున్నది. నాకు బీరువా తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించినట్టే అయింది. అంతా అయిపోయిందనుకున్న చోట అవ్వ నోరు తెరిచింది.

"నువ్వు మంచోనివి కొడుకా. మల్లచ్చే ఏడు కూడ నువ్వే వస్తవా?"

"చెప్పలేం అవ్వా. ఎవరో ఒకరు వస్తరు."

"వచ్చినోళ్లు ఇవి జూస్తే?"

"హద్దు దాటినయనుకుంటే ఆపుతరు."

"చదువు నడిమిట్ల?"

"నడిమిట్ల అయినా."

"అమ్మా, జర ఊకో" అన్నాడు నాయిన.

అవ్వ ఊకోలేదు. ఆమె గొంతులో కోపం లేదు. పొద్దుగూకేటప్పుడు దొడ్డి సందులో నిలబడి ఒక్కొక్క వీపు మీదా చెయ్యి వేసినట్టే, ఒక్కొక్క మాటా తడిమి చూసుకుంటూ అడిగింది. "పోయినేడు సర్కారోళ్లు లారీలల్ల గొర్లు తెచ్చిచ్చి, వీటిని పెంచుండ్రి, బాగుపడుండ్రి అన్నరు. ఇయ్యాల నువ్వచ్చి, ఇవి పెరగకుంటెనే పొల్లకు చదువు అంటున్నవు. ఏటా పండుగకు నేను మంద పెరగాలెనని మొక్కుత. ఇగ పెరగొద్దని మొక్కాల్నా?"

చాయ్ చల్లారిపోయింది, అయినా సారు ఒక గుక్క తాగాడు. "నువ్వన్నది నిజమే అవ్వా. కాని హద్దు పెట్టకపోతే ఏమైతదో తెల్సా? ఉన్నోళ్లే ముందుగాల వచ్చి తీస్కపోతరు. ఇంత కూడ లేనోళ్లు ఉన్నరు. పొద్దున నేను చూసిన ఇంట్ల తలుపు కూడ లేదు."

అవ్వ "గదీ నిజమే" అన్నది. తర్వాత నా దిక్కు ఒకసారి చూసి, "మరి ఉన్నది ఉన్నట్టు రాసుకో కొడుకా. దానితోని వస్తే పంపుతం. రాకుంటే సర్కారు బడి ఉండనే ఉన్నది" అన్నది.

ఆయన లేచాడు. నాయిన వెంటపడి కమాను దాకా పోయి బతిమాలాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నాయిన తిరిగి వచ్చి, పడిపోయిన కంప ఎత్తి దొడ్డికి అడ్డం పెట్టాడు.

నాకు సీటు రాలేదు.

ఆ ఎండాకాలమంతా నేను అవ్వతో మాట్లాడలేదు. నాయిన మాట్లాడాడు గానీ అవి మాటలు కావు. "నీ కాళ్లు వంగినయని అందరి కాళ్లు వంగాల్నా?" అని ఒకనాడు అరిచాడు. అంత పెద్ద మాట ఆయన నోట వచ్చినందుకు అమ్మ అన్నం ముట్టలేదు. అవ్వ మాత్రం తిన్నది. బడులు తెరిచాక పసుపుపచ్చ బస్సు కమాను దగ్గర హారన్ కొట్టినప్పుడల్లా నేను దొడ్డి వెనక్కి పోయి నిలబడేదాన్ని. పక్కింటి అక్క టై కట్టుకొని, బూట్లు వేసుకొని ఎక్కి పోయేది. నేను పక్క ఊరికి నడిచేదాన్ని.

ఒక సాయంత్రం అవ్వే నన్ను పిలిచింది. కంప జరపడానికి సాయం రమ్మన్నది. నేను కదల్లేదు. ఆమె తనే వంగి, మోకాళ్లు పట్టుకొని, జరిపింది. గొర్లు లోపలికి పోతుండగా నా దిక్కు చూడకుండానే మాట్లాడింది.

"ఆ పిలగాడు మంచోడా కాదా అని నేను ఆలోచన చెయ్యలే బిడ్డా. మంచోడే. ఊరోళ్లు, ఆడు ఏం తీస్కపోతడో అని భయపడ్డరు. నాకు ఆ భయం లేదు, మన దగ్గర తీస్కపోనీకి ఏమున్నది? ఆడిచ్చేది తీసుకుంటే మనం ఎట్లుండాల్నో, గది చూసిన. మీ నాయిన ఏటేటా తలకాయ దించుకొని నిలవడాలె. నువ్వు గది చూసుకుంట పెరగాలె."

అప్పుడు నాకు అది సాకులాగా వినిపించింది. నిజం చెప్పాలంటే కొన్ని రోజులు ఇప్పటికీ అట్లాగే వినిపిస్తుంది.

నా చదువు వేరే దారిన సాగింది. మేస్త్రీ కాక మండలంలో పనికి పోయేటప్పుడు ఆదివారాలు నన్ను బండి మీద ఎక్కించుకొని శాఖా గ్రంథాలయం దగ్గర దింపేవాడు. పాత గది. ఫ్యాను తిరిగితే పేపర్లు ఎగిరేవి. కానీ అక్కడ బీరువాలకు తాళాలు లేవు. మొదట పిల్లల పుస్తకాలు, తర్వాత కథలు, తర్వాత చరిత్ర, చివరికి ఎవరూ ముట్టని మూల అర దాకా వచ్చాను. కాలేజీకి పోయినవాళ్లు కూడా పేరు వినని పుస్తకాలు నేను అక్కడ చదివానని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఒక అర్థశాస్త్రం పుస్తకంలో, పేదవాడికి చేసే సాయం అతడు కొంచెం పైకి రాగానే ఆగిపోతే ఏమవుతుందన్న దాని మీద ఒక అధ్యాయమే ఉంది. రాసినాయన చాలా పేజీలు రాసి, ఇది కష్టమైన ప్రశ్న అని ముగించాడు. ఆ పేజీ మీద వేలు పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. పక్కన పేపరు చదువుతున్న ముసలాయన, "ఏమైంది బిడ్డా, తెలిసినోళ్లు ఎవలన్న కనపడ్డరా?" అని అడిగాడు. కనపడ్డారనే చెప్పాను.

అవ్వ గెలిచిందని చెప్పడానికి ఇది రాయడం లేదు. పక్కింటి అక్క ఆ బడిలో పదో తరగతి దాకా ట్రస్టు ఫీజుతోనే చదివింది. తర్వాత నర్సింగు చదివి, ఇప్పుడు నల్లగొండలో ఒక దవాఖానలో పని చేస్తున్నది. మాట్లాడితే తడబాటు లేని ఇంగ్లీషు. నేను పుస్తకం చూసి చదవగలను గానీ ఆమెలాగా మాట్లాడలేను. ఆమె ఉద్యోగంలో చేరాకనే మేస్త్రీ కాక తన ఇంటికి స్లాబు పోశాడు. ఊరందరికీ పోసిన చేతులు సొంత ఇంటికి పోసుకోవడానికి అన్నేళ్లు ఆగాయి. ఆ రోజు నేనూ కంకర తట్టలు అందించాను. మధ్యాహ్నం అందరం తింటుండగా అక్కను అడిగాను, ఆ అద్దాల బీరువాలో ఏ పుస్తకాలున్నాయని.

"తాళం చెవి ఎవరి దగ్గరున్నదో మాకు ఎన్నడు తెల్వలే" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "వాన పడ్డ రాత్రి రేకుల కింద చదువు వినపడకపోయేది చెల్లె. స్లాబు పోద్దాం అని అమ్మ అంటే, నా చదువు ఒడువనీయి అని నాయిన అనేటోడు. నా పాలిట ఇల్లు ఆగింది. నీ పాలిట మంద పెరిగింది. ఏది మంచిగైందో నాకైతే తెల్వదు" అన్నది.

నాకూ తెలియదు. మంద పెరిగింది నిజమే. నాయిన తలెత్తుకొని తిరిగిందీ నిజమే. బస్టాండులో నేను ఆయనకు తెలుగు బోర్డూ ఇంగ్లీషు బోర్డూ రెండూ చదివి వినిపించిన రోజు, ఆయన అవ్వతో మళ్లీ మామూలుగా మాట్లాడాడు. కానీ నేను పోగొట్టుకున్నది కూడా నిజమే.

ఇప్పుడు ఎండాకాలం వస్తే చుట్టుపక్కల వాళ్లు ఇలాంటి ఫీజు సాయాల కాగితాలు పట్టుకొని నా దగ్గరికి వస్తారు. చదివి చెప్పమంటారు. నేను తీసుకొమ్మనీ చెప్పను, వద్దనీ చెప్పను. అంతా చదివి వినిపించాక ఒక్క మాట అడుగుతాను. "వచ్చే ఏడు మీరు బాగుపడితే ఏం చేస్తరు?" ఆ మాటతో వాళ్ల కళ్లలో అనుమానం మొదలవుతుంది. ఈసారి అది నా మీద. ఈ పిల్లకు రాలేదని మనకూ రాకుండా చేయాలని చూస్తున్నదని కాబోలు, కొందరు కాగితాలు తీసుకొని లేచిపోతారు.

మొన్న ఒక తల్లి మాత్రం లేవలేదు. పత్తి ఏరే మనిషి. నా ప్రశ్నకు, "బాగుపడితే నేనే కడ్త. గందాకనే తీస్కుంట. దాంట్ల ఏమున్నది?" అన్నది. ఇన్నేళ్లలో అంత సూటి జవాబు నేను వినలేదు. పుస్తకం రాసినాయనకు కూడా తట్టలేదు. ఆమె కాగితాలు సంతోషంగా నింపి పంపించాను. ఇంట్లోకి వచ్చీ రాగానే అవ్వకు చెప్పాను. ఎన్నాళ్లకో ఆమె ప్రశ్నకు జవాబు దొరికిందని నా ఉత్సాహం.

అవ్వ ఆకు నములుతూ విన్నది. "తెలివిగల్లది" అని మెచ్చుకున్నది. ఆకు పక్క దవడకు మార్చి, "మరి బాగువడ్డదో లేదో ఎవ్వలు చెప్తరు? ఆమెనా, ఫీజు కట్టేటోళ్లా?" అని అడిగింది.

మరుసటి రోజు నుంచి, వచ్చినవాళ్లను నేను ఆ ప్రశ్న కూడా అడుగుతున్నాను.